అజెలీ పిన్ని ఆఖరి చరణం

చర్చ్ పాయింట్, లూసియానా
విభూది బుధవారం

జర్వే తమ్ముడికి ఎర్లీనక్క దీవెనలు, వాటితోపాటు కొన్ని చివాట్లు ముందుగానే.

ఈ పెట్టెలో ఉన్నది హార్డ్ డ్రైవ్. గిన్నెలు తుడిచే తువ్వాల్లో చుట్టి పంపుతున్నాను. తువ్వాలు పిన్నిది, తిరిగి రావాలి. పోయినసారి పంపిన తువ్వాలుతో నువ్వు గిటార్లు తుడుచుకుంటున్నావని నాకు తెలిసింది. ఎలా తెలిసిందని అడగకు.

నెట్‌లో పంపొచ్చు కదా అని కూడా అడగకు. మన వరిమళ్ళ మధ్య నెట్ నత్తకి తమ్ముడు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో, ఫోన్లో మనిద్దరికీ మూడో మాటకే పోట్లాట. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

డ్రైవ్‌లో అజెలీ పిన్ని మన ఊరి ఫ్రెంచిలో పాడిన పన్నెండు పాటలున్నాయి. డెబ్బై ఏడేళ్ళ మనిషి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మైకు ముందు నోరు విప్పింది. పెరట్లో నా స్టూడియోకి మాత్రం రానంది. "అది నిన్నమొన్నటిదాకా కోళ్ళగూడు. అందులో కూచుంటే నాకు గుడ్డు పెట్టాలనిపిస్తుంది" అంది. అందుకని మైకులన్నీ వంటింట్లోకి మోసుకెళ్ళాను. పొయ్యి మీద గంబో పులుసు ఉడుకుతుంటే గరిటె చేత్తో పట్టుకునే పాడింది. గిన్నె మూత చప్పుడు కూడా పాటలో పడింది. దాన్ని తీసెయ్యాలని చూశావంటే ఊరుకోను. నిన్న మార్డీ గ్రా పండగ సాయంత్రానికి పన్నెండోది అయిపోయింది. గరిటె సింకులో పడేసి, "ఇక ఈస్టర్ దాకా పాట లేదు" అంది. ఇవాళ పొద్దున చర్చిలో నుదుట విభూది పెట్టించుకుని వచ్చింది. కూనిరాగం కూడా తియ్యడం లేదు. నేనూ స్టూడియోలో రికార్డింగ్ మెషీన్ మీద దుప్పటి కప్పేశాను. మనింట్లో ఈస్టర్ ముందు ఈ నలభై రోజుల తపస్సు కాలంలో అకార్డియన్ పెట్టె తెరిచినవాళ్ళు లేరు. మెషీన్‌కీ అదే నియమం.

ఇప్పుడు అసలు సంగతి. మీ కంపెనీ ఆయన, ఆ ప్రెస్కాట్, పిన్ని గొంతు చుట్టూ గిటార్లూ ఫిడేళ్ళూ పెట్టి రికార్డు వేస్తానంటున్నాడు కదా. వేసుకోనీ. కానీ ఆయన వంట వేరు, మన వంట వేరు. ఆయన కోసం ఇంకో ప్రాజెక్టు తయారుచెయ్యి. తయారుచెయ్యడమంటే పేరు మార్చి భద్రపరచడం కాదు. ఎన్నోసార్లు చెప్పాను, ఇంకోసారి చెప్తే నా సొమ్మేం పోదు. ప్రాజెక్టంటే వంట రాసుకున్న కాగితం. శబ్దం ఫైళ్ళు సరుకులు. కాగితం రెండుసార్లు రాసుకుంటే బియ్యం రెండింతలు కావు. రెండు కాగితాలూ ఒకే డబ్బాలో చెయ్యి పెడితే, ఏదో ఒకరోజు ఒకడు డబ్బా ఊడ్చేస్తాడు, రెండోవాడు పస్తుంటాడు. ఫైళ్ళతో సహా కాపీ చేసి, వేరే చోట పెట్టి, ఆ తర్వాతే ఆయన్ని ముట్టుకోనివ్వు.

నా కాపీ నేను ఇంట్లో ఉంచుకున్నాను. నన్ను చూసి నేర్చుకో.

మీ అక్క
ఎర్లీన్


నాష్‌విల్
ఫిబ్రవరి నెలాఖరు

చివాట్లకి కరువు లేని అక్కకి,

పెట్టె అందింది. తువ్వాలు క్షేమం. గిటార్ల సంగతి ఎవరు చెప్పారో నాకు తెలుసు, మా ఆవిడ పక్కనే కూచుని నవ్వుతోంది.

అక్కా, నేనీ స్టూడియోలో ఎంతోమంది గొంతులు విన్నాను. పేరున్నవాళ్ళవి, డబ్బున్నవాళ్ళవి, మూడు పూటలా తేనె తాగి వచ్చేవాళ్ళవి. పెట్టె వచ్చిన రోజే పిన్ని తొమ్మిదో పాట పెట్టాను. ప్రెస్కాట్ కాఫీ కప్పుతో లోపలికొచ్చి, కూచోవడం మర్చిపోయి నిలబడిపోయాడు. పాట అయ్యాక, "ఎవరీమె?" అన్నాడు. "మా పిన్ని" అన్నాను. ఆ రెండు మాటలు అనడంలో ఎంత గర్వంగా ఉందో నీకు చెప్పలేను. ఎదుటి గదిలో డ్రమ్ములు వాయించేవాడు కూడా తల లోపల పెట్టి, "ఆ గిన్నె మూత వేసిందెవరు, భలే తాళంలో వేశారు" అన్నాడు. పిన్నితో చెప్పు.

కానీ ఒక సందేహం. ఆ తొమ్మిదోది ఓడియస్ బాబాయి డాన్సు పాట, ఆ వాల్ట్జ్ కదా. ఊరి డాన్సు హాల్లో వారంవారం ఆయన పాడగా వింటూ పెరిగినవాళ్ళం. పిన్ని ఎందుకు పాడింది? పైగా చివర్లో నేనెప్పుడూ వినని చరణం ఒకటి ఉంది. నా ఫ్రెంచి సంగతి నీకు తెలిసిందే, తిట్లు తప్ప తక్కినవి సగమే అర్థమవుతాయి. ఏదో తలుపనీ టిక్కెట్టనీ వినబడింది. ప్రెస్కాట్‌కి ఆ పాటే రికార్డులో మొదట ఉండాలట. కాకపోతే మూడు నిమిషాలకి కుదించాలన్నాడు, రికార్డంతా ఈస్టర్‌కి ముందే పూర్తవ్వాలన్నాడు. అందుకని ఆ కొత్త చరణం తీసేశాం. గిటార్లు పడ్డాక చాలా బాగా వచ్చింది.

నీ ఆజ్ఞ ప్రకారం కంపెనీ ప్రాజెక్టు వేరే చేశాను. పని అయ్యాక వాడని ముక్కలన్నీ ఊడ్చేసి అద్దంలా పెట్టాను. ఇక్కడ నాకంత శుభ్రంగా ప్రాజెక్టు ఉంచేవాడు లేడని పేరు. అక్క పెంపకం మరి.

నీ తమ్ముడు
జర్వే


చర్చ్ పాయింట్
మార్చి మొదటి వారం

తమ్ముడూ,

నీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను. రొయ్యలు ఒలుస్తోంది. వరిమళ్ళ రొయ్యలు ఈ ఏడాది బొటనవేలంత ఉన్నాయి, నీకు కడుపు మండాలనే రాస్తున్నాను. నువ్వు "మా పిన్ని" అన్న చోట చెయ్యి ఆపి, "గొప్పగా అన్నాడా, మామూలుగా అన్నాడా?" అని అడిగింది. గొప్పగానే అన్నాడని చెప్పాను. "సరే, చదువు" అంది. గిన్నె మూత ముక్క మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

నీ సందేహానికి జవాబు చెప్తాను, కూచుని చదువు. నేనూ మొన్న వంటింట్లోనే తెలుసుకున్నాను.

పిన్ని ఆ పాట మొదలుపెట్టగానే నేనూ నీలాగే, "ఇది బాబాయి పాట కదా" అన్నాను. గరిటె నావైపు చూపించి, "మీ బాబాయికి అకార్డియన్ మెట్లు తెలుసు. మాటలెక్కడివే ఆయనకి? పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికే వాళ్ళన్నని పంపించాడు" అంది. ఆ పాట కట్టింది పిన్ని. హాల్లో బాబాయి వాయిస్తుంటే తలుపు దగ్గర కూచుని టిక్కెట్లు చింపుతూ కట్టింది. మన పాత పాటల్లో కట్టినవాళ్ళు చివర తమ పేరు చెప్పుకుంటారే, అలాగే తనూ ఆఖరి చరణంలో పేరు పెట్టుకుంది. బాబాయి పాట నేర్చుకున్నాడు, ఆ చరణం మాత్రం వదిలేశాడు. "మరీ పొడుగైంది, డాన్సు చేసేవాళ్ళకి కాళ్ళు నొప్పెడతాయి" అన్నాడట. తర్వాత ఆయన పేరుతో రికార్డు వచ్చింది, ఊరంతా ఓడియస్ వాల్ట్జ్ అన్నారు. పిన్ని యాభై ఏళ్ళు అదే తలుపు దగ్గర కూచుని, ప్రతివారం తన పాట తన పేరు లేకుండా వింది. ఎవరితోనూ అనలేదు. "అడిగితే చెప్పేదాన్ని. ఎవరడిగారు?" అంది.

ఆ చరణం నీకు అర్థమయ్యేలా రాస్తున్నాను:

ఈ పాట కట్టిందెవరంటే
తలుపు కాడ టిక్కెట్టు చింపే మనిషి.
పేరు అడిగితే అజెలీ,
పేరు అడిగినోళ్ళు ఇంతవరకూ లేరు.

చదివావా? పాటంతా ఒక ఎత్తు, ఈ నాలుగు పంక్తులూ ఒక ఎత్తు. పొడుగైందని బాబాయి ఒకసారి తీసేశాడు. ఇప్పుడు ప్రెస్కాట్ కూడా పొడుగైందనే తీసేస్తాడా? కుదరదని చెప్పు. మన ప్రాజెక్టులోంచి ఆ చరణం తెచ్చి ఆయన ప్రాజెక్టులో అతికించు, నీకదెంత పని. ఫైళ్ళు విడిగా పెట్టుకోమని ఎందుకు నెత్తీనోరూ కొట్టుకున్నానో ఇప్పుడైనా తెలిసిందా?

అక్క


నాష్‌విల్
మార్చి రెండో వారం

ప్రియమైన అక్కగారికి,

నమస్కారం. నేను క్షేమం. నువ్వూ పిన్నీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి.

నీ ఉత్తరం చదివాను. పిన్ని సంగతి తెలిసి చాలా సంతోషమేసింది, బాధా వేసింది. ఆ చరణం గురించి ప్రెస్కాట్‌తో తప్పకుండా మాట్లాడతాను.

ఈలోగా నీకు తీరికున్నప్పుడు, ఇంట్లో నీ దగ్గరున్న కాపీ ఒకసారి తెరిచి చూస్తావా? తపస్సు కాలమని తెలుసు. పాట వినక్కర్లేదు, ఊరికే తెరిచి చూడు. వీలైతే ఆ తొమ్మిదో పాట ఒక్కటీ ఇంకో డ్రైవ్‌లో పెట్టి పంపు. పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి, అంతే. ఏం కంగారు లేదు. ఈ వారమే పంపితే మంచిది.

ఇట్లు
జర్వే


చర్చ్ పాయింట్
మార్చి మధ్య

బంగారు తమ్ముడికి,

నీకోసమని దుప్పటి తీసి మెషీన్ తెరిచాను. అంతా బాగానే ఉంది. ఏం బెంగపెట్టుకోకు.

కాకపోతే నాకో ఆలోచన వచ్చింది. నేను ఇక్కణ్ణుంచి పంపడం, నువ్వు పోల్చుకోవడం, ఇదంతా ఎందుకు? నీ దగ్గరున్న డ్రైవ్‌నే ఒకసారి వెనక్కి పంపించెయ్యి. ఉన్నది ఉన్నట్టుగా, ఏమీ ముట్టుకోకుండా. నేనే ఇక్కడ అన్నీ సరిచూసి పంపుతాను. దారిలో పాడవకుండా బాగా చుట్టి పంపు. తువ్వాలు దొరక్కపోయినా పరవాలేదు.

పిన్నికి జలుబు చేసింది. గొంతు బొంగురుపోయింది. డాక్టరు ఏం ఫరవాలేదన్నాడు, నాకే కాస్త గుబులుగా ఉంది.

ఎక్కువ పని పెట్టుకోకు, వేళకి తిను.

ప్రేమతో
అక్క


నాష్‌విల్
ఆ మరుసటి శనివారం

అక్కా,

"తువ్వాలు దొరక్కపోయినా పరవాలేదు" అని చదివాక నీ ఉత్తరం మళ్ళీ మొదట్నుంచి చదివాను. నువ్వు నన్ను బంగారు తమ్ముడన్నది నా జన్మలో ఇంకొక్కసారే, పశువులశాల పైనుంచి పడి చెయ్యి విరిగినప్పుడు. నీకు ఏదో తెలిసిపోయింది. నేనే చెప్పేస్తాను.

ఆ చరణం నా దగ్గర లేదు.

ఆరోజు ప్రెస్కాట్ వెనకాలే నిలబడి ఉన్నాడు, గిటార్లవాళ్ళు వచ్చేశారు. ప్రాజెక్టుకి పేరు మార్చి భద్రపరిచాను, ఫైళ్ళు తర్వాత కాపీ చేద్దామనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. రెండు కాగితాలూ ఒకే డబ్బా మీద ఉండిపోయాయి. సాయంత్రం పనయ్యాక, వాడని ముక్కలు తీసెయ్ అని మీట నొక్కాను. నా శుభ్రం నా కొంప ముంచింది. కంపెనీ ప్రాజెక్టుకి ఆ చరణం అక్కర్లేదు కదా, అది పోయింది. పాటల మధ్య పిన్ని మాట్లాడిన మాటలు కూడా పోయాయి. మన ప్రాజెక్టు తెరిస్తే పాట మూడో చరణం దాకా నడిచి, ఆపైన ఖాళీ. చెరిగినదాన్ని తవ్వి తీద్దామని నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను. చెరిగిన చోట అప్పటికే తక్కిన పాటల గిటార్లు రికార్డయిపోయాయి.

నీ ఉత్తరంలో ఆ నాలుగు పంక్తులు చదివేదాకా నేను తీసేసిందేమిటో నాకు తెలియదు. తెలిశాక సిగ్గుతో చెప్పలేకపోయాను. బాబాయి పాడకుండా వదిలేశాడు, నేను ఏకంగా చెరిపేశాను.

నువ్వు ఇంట్లో కాపీ ఉంచావు కాబట్టి బతికిపోయాం. తిట్టు, ఎంత తిడతావో తిట్టు. కానీ ఆ తొమ్మిదో పాట పంపు.

జర్వే


చర్చ్ పాయింట్
మట్టల ఆదివారం ముందు మంగళవారం

ఒరేయ్ జర్వే,

తిట్టడానికి నోరు రావడం లేదు. ఇంట్లోనూ లేదురా.

నేనూ అబద్ధమాడాను. మెషీన్ తెరిచిన మాట నిజం. తెర మీద పన్నెండు పాటల పేర్లూ వరసగా ఉన్నాయి. మీట నొక్కితే ఒక్కటీ మోగలేదు. ఫలానా డ్రైవ్ ఎక్కడుంది అని అది నన్ను అడిగింది. ఎక్కడుందీ, తువ్వాల్లో చుట్టి నీకు పంపిన పెట్టెలో ఉంది.

వంటింట్లో నేరుగా ఆ చిన్న డ్రైవ్ మీదికే రికార్డు చేశాను. తర్వాత దాన్ని మెషీన్‌కి తగిలించి, వేరే పేరుతో భద్రపరచు అని కొట్టాను. తెరిచి చూశాను, అన్నీ మోగాయి. ఎందుకు మోగవు, డ్రైవ్ దానికి తగిలించే ఉంది కదా. నేను దాచుకున్నది కాగితం. సరుకులన్నీ నీకు పంపేశాను. ఊళ్ళో పిల్లలందరికీ డబ్బా, బియ్యం అంటూ పాఠం చెప్పేది నేను. నువ్వు నీ కాపీ ఇమ్మని అడిగితే, నేను నీ కాపీ పంపమని అడిగాను. ఒకరి జేబులో ఒకరం చెయ్యి పెట్టాం, రెండు జేబులూ ఖాళీ.

నీ ఉత్తరం వచ్చాక పిన్నికి చెప్పకుండా ఉండలేకపోయాను. జలుబుతో మూలుగుతూ దుప్పటి కప్పుకుని కూచుంది. ఉన్నదున్నట్టు చెప్పాను, నీ సంగతీ నా సంగతీ.

అంతా విని, "అయితే ఎన్ని కాపీలున్నట్టు?" అంది.

"ఒక్కటీ లేదు పిన్నీ."

"ఒకటుంది" అని కణత మీద వేలితో తట్టింది. "మీ దగ్గరున్నవన్నీ కాపీలేనే పిచ్చిదానా. అసలుది నేనెవరికీ ఇవ్వలేదు."

నాకు ఏడుపొచ్చింది. "ఇప్పుడే పాడు పిన్నీ, మైకు తెస్తాను. నీ గొంతు ఇలా ఉంది, ఇంకెలా అవుతుందో ఏమో" అన్నాను.

"ఎలా అవుతుంది? చస్తానంటావా?"

"నేనలా అనలేదు."

"అనుకున్నావు. తపస్సు కాలంలో పాడను. మీ బాబాయి తీసేస్తే యాభై ఏళ్ళు ఆగాను. మీరిద్దరూ తీసేస్తే ఈస్టర్ దాకా ఆగలేనా? వెళ్ళి అల్లం టీ పెట్టు."

పెట్టాను. ఏం చెయ్యను మరి. తాగుతూ, "వాడు చెరిపాడు, నువ్వు పోగొట్టావు. ఇద్దరూ బాగా చదువుకున్నారు" అని ఒకటే నవ్వు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే నేను ఇంకో కప్పు పెట్టాను.

ప్రెస్కాట్ రికార్డు ఈస్టర్‌కి ముందే పూర్తవ్వాలన్నాడని రాశావు. ఆయనతో ఏం చెప్తావో నీ ఇష్టం. పిన్ని పాడితే ఈస్టర్ తర్వాతే, పాడగలిగితే. నాకు తెలిసింది ఇంతే.

అక్క


నాష్‌విల్
మట్టల ఆదివారం

అక్కా,

మనిద్దరం ఒకే తప్పు రెండు ఊళ్ళలో చేశాం. నీ ఉత్తరం చదివి ముందు నెత్తి పట్టుకున్నాను, తర్వాత పగలబడి నవ్వాను. ఇన్నాళ్ళకి నీ మీద నాకో ఆయుధం దొరికింది. ముసలితనం దాకా వాడుకుంటాను.

ప్రెస్కాట్ దగ్గరికి శుక్రవారం వెళ్ళాను. ఉన్న సంగతి చెప్పాను. నేను చెరిపేశానని కూడా చెప్పాను. ఆయనకి బాధేమీ కలగలేదు. "మనకి కావాల్సింది మూడు నిమిషాలే కదా, అది భద్రంగానే ఉంది. సోమవారం పంపించెయ్" అన్నాడు.

"పంపనండీ" అన్నాను.

"ఎందుకని?"

"దాని మీద కట్టినావిడ పేరు లేదు."

"పేరుదేముంది, అట్ట మీద వేద్దాం."

"ఆవిడ అట్ట మీద వెయ్యమనలేదు, పాటలో పెట్టుకుంది. మా ఊళ్ళవైపు పాట కట్టినవాళ్ళు సంతకం అక్కడే పెడతారు. సంతకం చింపేసిన కాగితం మీరైతే తీసుకుంటారా?"

"అంత పొడుగు వాల్ట్జ్ రేడియోలో ఎవడు వేస్తాడయ్యా?"

"వెయ్యకపోతే మానె. వంటింట్లో వేసుకుంటారు. ఈ రికార్డింగు పుట్టింది అక్కడి మైకుల ముందే."

నా ఉద్యోగం గురించి ఒక్క క్షణం ఆలోచించాను, అబద్ధమెందుకు. కానీ ఆయన మొదటిరోజు కాఫీ కప్పుతో నిలబడిపోయాడే, అది గుర్తుచేశాను. "మీరు నిలబడిపోయింది ఏ చరణం దగ్గరో గుర్తుందా? నాకు గుర్తుంది. అప్పుడు గిన్నె మూత పడింది. ఆఖరి చరణం అది. మాటలు మీకూ అర్థం కాలేదు, నాకూ కాలేదు. అయినా మీరు కూచోలేదు" అన్నాను. ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. చివరికి, "ఈస్టర్ తర్వాత ఎన్నాళ్ళు?" అన్నాడు. "పిన్ని గొంతు ఎప్పుడొస్తే అప్పుడు" అన్నాను. తల ఊపాడు. సంతోషంగా ఊపాడని చెప్పను, ఊపాడు.

ఇప్పుడు భారమంతా పిన్ని గొంతు మీద ఉంది. అల్లం టీ ఆపకు. నేను ఇక్కడ చర్చికి కూడా వెళ్తున్నాను, నమ్ము.

జర్వే


చర్చ్ పాయింట్
ఈస్టర్ తర్వాతి ఆదివారం

తమ్ముడూ,

ఈ పెట్టెలో డ్రైవ్ ఒకటుంది. ఇలాంటిదే ఇంట్లో ఇంకోటి ఉంది. ఒకదాన్ని పీకి పక్కన పెట్టి రెండోది మోగించాను, మళ్ళీ అటుది ఇటు చేసి మోగించాను. పిన్ని అది చూసి, "దెబ్బ తగిలితేగానీ బుద్ధి రాదు" అంది. కొత్త తువ్వాలు. పాతది నువ్వే ఉంచుకో, గిటార్లకి.

ఈస్టర్ ముందురోజు పవిత్ర శనివారం మధ్యాహ్నం, మన పాత లెక్కన తపస్సు కాలం ముగిసిందని చర్చి గంటలు మోగగానే పిన్ని రంగులేసిన గుడ్ల బుట్ట పక్కకి నెట్టి, "మైకు తే" అంది. గొంతు పూర్తిగా రాలేదు. ఫిబ్రవరిలో పాడిన గొంతు కాదిది, కింద గరగరగా ఉంది. మొదటి చరణం వింటూ నేను, అయ్యో, ఆ పాతది ఎంత బాగుండేది అనుకున్నాను. మూడో చరణానికి ఆ మాట మర్చిపోయాను. ఆఖరి చరణంలో ఆ గరగరే కావాలనిపించింది.

కానీ మొదటిసారి పాడినప్పుడు ఆఖరి పంక్తి మార్చేసింది. ఇలా పాడింది:

పేరు అడిగితే అజెలీ,
అడిగినోళ్ళు ఇద్దరే, ఒకడు చెరిపాడు, ఒకతి పోగొట్టింది.

పాడి, నా మొహం చూసి, "ఇది మీ ఇద్దరికీ. దీన్ని విడిగా పెట్టుకో, ఆ కంపెనీ ఆయన డబ్బాలో కలపకు" అంది. రెండోసారి అసలు పాట పాడింది. అందుకని ప్రాజెక్టులు రెండున్నాయి, ఒకటి లోకానికి, ఒకటి మనకి. దేని ఫైళ్ళు దానివే. నీ డ్రైవ్‌లో రెండూ ఉన్నాయి. ఎదురుగా ప్రెస్కాట్ ఉండగా మనది తెరవకు, పరువు పోతుంది.

ఇవాళ మధ్యాహ్నం సంగతి చెప్పకుండా ఈ పెట్టె మూయలేను. తపస్సు కాలం అయ్యాక హాలు మళ్ళీ తెరిచారు. పిన్ని ఎప్పట్లాగే తలుపు దగ్గర టిక్కెట్లతో కూచుంది. బాబాయి పోయాక ఆయన అకార్డియన్ వాయించేది వాళ్ళ అన్న కొడుకు ఎల్రిడ్జ్ కదా, ఆయన ఓడియస్ వాల్ట్జ్ అని చెప్పి ఎత్తుకున్నాడు. జంటలన్నీ లేచాయి. మూడో చరణం అయిపోయింది, అలవాటు ప్రకారం అందరూ ఆగి చప్పట్లకి చేతులెత్తారు. తలుపు దగ్గర్నుంచి పాట వచ్చింది. మైకు లేదు, ఏమీ లేదు. కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. ఈ పాట కట్టిందెవరంటే, అని మొదలుపెట్టింది.

హాలంతా అటు తిరిగింది. ఎల్రిడ్జ్ నోరు తెరుచుకుని చూశాడు, రెండో పంక్తికల్లా వేళ్ళు మెట్లు పట్టుకున్నాయి. జనానికి ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ పాటకి ఇంకో చుట్టు ఉందని వాళ్ళ కాళ్ళకి తెలియదు మరి. ముందు ఒక ముసలి జంట కదిలింది, తర్వాత అందరూ కదిలారు. పేరు అడిగినోళ్ళు ఇంతవరకూ లేరు, అని పిన్ని ముగించేసరికి బల్లల దగ్గర్నుంచి ఎవరో, "పేరేంటీ?" అని గట్టిగా అడిగారు.

"ఇప్పుడేగా చెప్పాను, వినలేదా?" అంది పిన్ని.

"మళ్ళీ చెప్పు" అన్నారు. ఎల్రిడ్జ్ ఆ చరణం మళ్ళీ ఎత్తుకున్నాడు. పిన్ని మళ్ళీ పాడింది. నేను గోడకి ఆనుకుని ఏడ్చాను, నీకు చెప్పడానికి సిగ్గేముంది. మన పిన్నిరా. పాట అవ్వగానే, అప్పుడే లోపలికి రాబోతూ నిలబడిపోయిన ఒకాయనతో, "టిక్కెట్టు" అని చెయ్యి చాపింది.

రికార్డు చేశావా అని అడగబోతావు, నాకు తెలుసు. చెయ్యలేదు. మైకులన్నీ ఇంట్లోనే ఉన్నాయి. సాయంత్రం బయటికొచ్చాక జనం కార్లెక్కుతూ ఆ నాలుగు పంక్తులే పాడుకుంటున్నారు, ఒకరు పాడినట్టు ఇంకొకరు పాడటం లేదు, సగం తప్పులే. పేరు మాత్రం ఎవరూ తప్పు పాడలేదు. పిన్ని కారులో కూచుని అద్దం దించి అంతా వింది.

"ఎవరి కాపీ వాళ్ళు పట్టుకుపోతున్నారు. ఇప్పుడు చెరపమను చూద్దాం నీ తమ్ముణ్ణి" అంది.

మీ అక్క
ఎర్లీన్